మహమ్మారి వస్తే కాలనీ క్లబ్ ఏం చేయాలి, ఏం చేయకూడదు: అంకెలతో చెప్పండి

కొత్తకార్యదర్శి

అందరికీ నమస్కారం. మా క్లబ్ కమిటీ కోసం మహమ్మారి ప్రణాళిక ఒకటి రాసిపెట్టుకోవాలని ఉంది. ఇప్పుడేమీ ముంచుకురాలేదు, అందుకే తీరిగ్గా అడుగుతున్నాను. "పరిస్థితిని బట్టి తగు చర్యలు తీసుకోబడును" లాంటి వాక్యాలు వద్దు. లెక్కకు వీలుగా ఇలా అనుకుందాం: 200 ఇళ్లు, 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు ఉన్న హాలు, పనికి ముందుకొచ్చే వాలంటీర్లు ఓ 20 మంది. ఏది ముందు, ఏది తర్వాత? ఏది కొనాలి, ఏది కొనకూడదు?

చెట్టుకిందకమిటీ

కొనడంతో మొదలుపెట్టకండి. ఆస్పత్రికి తెలియనిది క్లబ్బుకి తెలిసేది ఒకటుంది: ఏ ఇంట్లో ఎవరుంటారు, ఎవరికి ఎవరు తోడు. దాన్ని కాగితం మీద పెట్టడమే మొదటి పని.

ఇంటికో కార్డు. అందులో ఆరు విషయాలు చాలు. ఇంటి గుర్తు, రెండు ఫోన్ నంబర్లు, ఇంట్లో ఎంతమంది, ఎవరైనా ఒంటరిగా ఉంటున్నారా, రోజూ తప్పనిసరిగా వేసుకునే మందు ఉందా (ఉంది, లేదు అంటే చాలు, పేరు అక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెట్టేదైతే ఆ మాట మాత్రం రాయండి), అర్ధరాత్రి అవసరమైతే తలుపు తట్టగల పక్కింటివాళ్లెవరు. జబ్బు పేర్లు, ఆదాయం, గుర్తింపు కార్డుల జిరాక్సులు అడగొద్దు. అవి అడిగిన కార్డు చాలా ఇళ్ల నుంచి తిరిగి రాదు.

తర్వాత ఫోన్ గొలుసు. 20 మందికి 200 ఇళ్లు కాబట్టి తలా పది అని పంచేయకండి. ఆ ఇరవై మందిలో కూడా కొందరు పడకేస్తారు, వాళ్లు పడకేసిన రోజున ఆ పది ఇళ్లూ ఎవరికీ పట్టవు. 10 జంటలు చేసి జంటకు 20 ఇళ్లు ఇవ్వండి. ఒకరు పడిపోతే రెండోవారు చూసుకుంటారు. భార్యాభర్తల్ని జంటగా వేయకండి, ఒకరికి వస్తే ఇద్దరూ మంచం ఎక్కుతారు. ఫోన్‌కి మూడు నిమిషాలు అనుకుంటే 20 ఇళ్లకు గంట. ఒంటరివాళ్లకి, జ్వరం ఉన్న ఇళ్లకి రోజూ. మిగతావాళ్లకి వారానికి రెండుసార్లు చాలు.

ఫోన్‌లో "ఏమైనా కావాలా?" అని అడక్కండి. మొహమాటానికి "ఏం వద్దండీ" అనేస్తారు. "మందులు ఇంకా ఎన్ని రోజులకు వస్తాయి?", "నిన్నటి నుంచి ఒంట్లో ఏమైనా మారిందా?", "సరుకులు ఎప్పటిదాకా ఉన్నాయి?", "ఈ రోజు ఇంకెవరితోనైనా మాట్లాడారా?" అని అడగండి. జవాబు అంకెలో గానీ పేరులో గానీ వచ్చేలా ప్రశ్న ఉండాలి.

ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలో కూడా ముందే రాసుకోండి. అరగంట ఆగి మళ్లీ ఫోన్. అప్పుడూ ఎత్తకపోతే కార్డులో ఉన్న పక్కింటివాళ్లు వెళ్లి తలుపు తడతారు. పలుకు లేకపోతే అత్యవసర నంబర్. "సాయంత్రం దాకా చూద్దాం" అన్న మాట ఆ కాగితంలో ఉండకూడదు.

కొత్తకార్యదర్శి

వాట్సాప్ గ్రూపు ఉంది కదా, అందులో పెడితే సరిపోదా?

చెట్టుకిందకమిటీ

ప్రకటనలకు సరిపోతుంది. యోగక్షేమాలకు పనికిరాదు. గ్రూపులో మాట్లాడేవాళ్లు కనిపిస్తారు, మాట్లాడనివాళ్లు కనిపించరు. మనకు కావాల్సింది ఆ రెండో జాబితా. పైగా కీప్యాడ్ ఫోన్ వాడేవాళ్లు గ్రూపులో ఉండరు, ఎక్కువ అవసరం వాళ్లకే. జాబితా కాగితం మీద మూడు ప్రతులు ఉండాలి, ముగ్గురి ఇళ్లలో. ఫోన్ పాడైతేనో, పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఆస్పత్రిలో చేరితేనో గొలుసు ఆగిపోకూడదు.

గాలిలెక్క

నేను హాలు సంగతి చెప్తాను. 2020 మార్చి 10న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం స్కాజిట్ కౌంటీలో ఒక బృందగాన సాధన రెండున్నర గంటలు జరిగింది. వచ్చినవాళ్లు 61 మంది. వాళ్లలో లక్షణాలున్న ఒక్కరి నుంచి 32 మందికి పరీక్షలో తేలిన కోవిడ్, ఇంకో 20 మందికి దాదాపు ఖాయం అనిపించిన కోవిడ్ వచ్చాయి. ఇద్దరు చనిపోయారు. అదీ ఒక క్లబ్బులాంటి సమూహమే. మూసిన గది, చాలాసేపు, గొంతెత్తి పాడటం: ఈ మూడూ కలిస్తే చేతులు కడుక్కోవడం ఒక్కటే కాపాడలేదు.

ఇక మీ హాలు లెక్క. 12 × 8 × 3.5 = 336 ఘనపు మీటర్లు. గంటకు కనీసం 5 సార్లు గాలి మారినంత శుభ్రత ఉండాలని అమెరికా సీడీసీ (అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) 2023లో సూచించింది. అంటే గంటకు 1,680 ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి. మనిషికి సెకనుకు 10 లీటర్లు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క, అంటే గంటకు 36 ఘనపు మీటర్లు. 1,680ని 36తో భాగిస్తే 46. మీ హాల్లో 46 మంది పరిమితి. అది కూడా గాలి నిజంగా ఆ లెక్కన మారుతుంటేనే. కుర్చీలు వంద పడతాయి కదా అని వంద మందిని కూర్చోబెట్టడం వేరే లెక్క.

మారుతోందో లేదో తెలియాలంటే కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి కొనండి. ఎన్‌డీఐఆర్ సెన్సర్ అని రాసి ఉన్నదే తీసుకోండి, అది ఆ వాయువునే నేరుగా కొలుస్తుంది. చౌక మీటర్లలో కొన్ని వేరే వాసన వాయువుల్ని కొలిచి అంచనాగా ఒక అంకె చూపిస్తాయి, శానిటైజర్ సీసా మూత తీస్తే ఆ అంకె ఎగిరిపడుతుంది. బయట గాలిలో సుమారు 420 పీపీఎం (పది లక్షల్లో 420 భాగాలు) ఉంటుంది. మీటర్‌ని ముందు బయట పెట్టి ఆ దగ్గర్లో చూపిస్తోందో లేదో చూసుకోండి. తర్వాత హాల్లో, కూర్చున్న మనిషి ముక్కు ఎత్తులో, కిటికీకీ మనుషుల మొహాలకీ దూరంగా పెట్టండి. 800 లోపు ఉంటే బాగుంది. 1,000 దాటితే కిటికీలు తెరవాలి, లేదా సగం మందిని బయటికి పంపాలి.

స్ప్లిట్ ఏసీ వేస్తే గాలి మారుతుందనుకోకండి. అది ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. సీలింగ్ ఫ్యాన్ కూడా అంతే, కలుపుతుంది తప్ప మార్చదు.

చిట్టాపుస్తకం

హాలు మొత్తానికే మూసేస్తే ఈ గొడవంతా ఉండదు కదండీ.

గాలిలెక్క

మొదటి వారాల్లో మూసేయడమే మంచిది, అందులో తేడా లేదు. 1918 ఇన్‌ఫ్లూయెంజా కాలంలో ఫిలడెల్ఫియా నగరం సెప్టెంబర్ 28న పెద్ద ఊరేగింపు జరిపింది. కొద్ది రోజుల్లోనే ఆస్పత్రులు నిండిపోయాయి. సెయింట్ లూయిస్ అక్టోబర్ తొలి వారంలోనే సభలు, బడులు, థియేటర్లు ఆపేసింది, అక్కడ మరణాల రేటు బాగా తక్కువగా ఉంది. కానీ హాలు ఏడాది మూసి ఉంచలేరు. టీకా శిబిరానికో, ఎండాకాలం నీడకో, వరద వస్తే తలదాచుకోవడానికో తెరవాల్సి వస్తుంది. తెరిచిన రోజుకి గాలి లెక్క సిద్ధంగా ఉండాలి. ఆరుబయట చెట్టు కింద పెట్టుకోగలిగిన మీటింగ్ హాల్లో పెట్టకండి, అది ఏ యంత్రం కన్నా మేలు.

కొత్తకార్యదర్శి

మా కిటికీలు ఒకవైపే ఉన్నాయి. ఎదురుగాలి రాదు. ఏం చేయమంటారు?

గాలిలెక్క

రెండు పనులు. ఒకటి, కిటికీలు లేని వైపు తలుపో వెంటిలేటరో ఉంటే అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి గాలిని బయటికి లాగండి. ఎదుటి కిటికీల నుంచి కొత్త గాలి దానంతట అదే వస్తుంది. ఫ్యాన్ చుట్టూ సందులు ఉంటే ఊదిన గాలే మళ్లీ లోపలికి వస్తుంది, అట్టతో మూయాలి.

రెండోది, ఫిల్టర్ పెట్టె మీరే కట్టుకోవచ్చు. రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ అనే ఇద్దరి పేరు మీద దీన్ని కోర్సీ-రోసెంతాల్ పెట్టె అంటారు, 2020లో వచ్చింది. కావాల్సినవి: 20 అంగుళాల చదరపు బాక్స్ ఫ్యాన్ ఒకటి, 20 × 20 అంగుళాల మెర్వ్ 13 రకం (సన్నటి కణాల్ని పట్టే) ఫిల్టర్లు నాలుగు (2 అంగుళాల మందం దొరికితే మంచిది), అడుగుకి ఒక గట్టి అట్ట, డక్ట్ టేప్. నాలుగు ఫిల్టర్లని నాలుగు గోడల్లా నిలబెట్టండి. ఫిల్టర్ అంచు మీద గాలి దిశ చూపే బాణం గుర్తు ఉంటుంది, అన్ని బాణాలూ పెట్టె లోపలికి చూడాలి. అడుగున అట్ట, పైన ఫ్యాన్. ఫ్యాన్ గాలిని పైకి, అంటే పెట్టె బయటికి ఊదాలి. ప్రతి కలయిక మీదా టేపు వేయండి.

ఇక్కడే చాలామంది ఒకటి వదిలేస్తారు. ఫ్యాన్ చదరంగా ఉంటుంది, రెక్కలు గుండ్రంగా తిరుగుతాయి. నాలుగు మూలల దగ్గర గాలి వెనక్కి జారుతుంది. ఫ్యాన్ మీద 15 అంగుళాల గుండ్రటి రంధ్రం కోసిన అట్ట అంటిస్తే ఆ జారుడు ఆగుతుంది, శుభ్రమయ్యే గాలి చెప్పుకోదగ్గంత పెరుగుతుంది. సందులు ఉన్నాయేమో చూడటానికి సన్నటి టిష్యూ కాగితం ముక్కని టేపు గీతల వెంట జరపండి. ఎక్కడ లోపలికి లాగితే అక్కడ సందుంది.

బాగా కట్టిన పెట్టె పెద్ద వేగంలో గంటకు సుమారు 1,000 ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేస్తుంది. మీ 1,680కి రెండు పెట్టెలు. కానీ చప్పుడు భరించలేక అందరూ వేగం తగ్గించేస్తారు, కాబట్టి మూడు కట్టి మధ్య వేగంలో నడపండి. ఫిల్టర్లని కడగొద్దు, తడపొద్దు. ధూళిని పట్టేది వాటిలోని స్థిరవిద్యుత్తు, తడిస్తే పోతుంది. ఇంకో మాట: పెట్టెలు నడుస్తున్నా కార్బన్ డయాక్సైడ్ మీటర్ తగ్గదు. ఫిల్టర్ వైరస్ ఉన్న తుంపరల్ని పడుతుంది, ఆ వాయువుని పట్టదు. మీటర్ 1,100 చూపిస్తోంది కాబట్టి పెట్టె దండగ అనే వాదన ప్రతి కమిటీలోనూ వస్తుంది.

నీళ్లబిందె

గాలి గురించి అంతా చెప్పారు. కానీ మహమ్మారి అంటే ఊపిరితిత్తుల జబ్బే అని రాసిపెట్టుకోకండి. కలరా ఏడో మహమ్మారి 1961లో మొదలైంది, ఇంకా ముగియలేదు. అది గాలిలో రాదు, నీళ్లలో వస్తుంది. ప్రణాళికలో "ఏ దారిన వస్తోంది: గాలి, నీరు, తాకిడి, దోమ" అని మొదటి ప్రశ్నగా పెట్టండి. మిగతా పేజీలు ఆ జవాబును బట్టి తిప్పాలి.

బ్లీచింగ్ లెక్క చాలామంది తప్పు చేస్తారు. తలుపు గొళ్లాలు, బల్లలు తుడవడానికి 0.1 శాతం క్లోరిన్ చాలు. సీసా మీద 5 శాతం అని ఉంటే 20 మిల్లీలీటర్ల బ్లీచ్‌కి 980 మిల్లీలీటర్ల నీళ్లు. వాంతి, రక్తం పడిన చోటికి 0.5 శాతం: 100 మిల్లీలీటర్లకి 900 నీళ్లు. పొడి అయితే, 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడర్ లీటర్‌కి 3 గ్రాములు, గట్టి ద్రావణానికి 15 గ్రాములు. కలిపి కాసేపు ఉంచి పైన తేరిన నీళ్లు వాడండి. మూత తీసి నెలలు గడిచిన పౌడర్‌లో బలం ఉండదు, ఘాటు వాసన లేకపోతే పారేయండి.

ముందు సబ్బునీళ్లతో మురికి పోగొట్టాలి, ఆ తర్వాతే బ్లీచ్. మురికి ఉంటే క్లోరిన్ దానితోనే అయిపోతుంది. తుడిచాక కనీసం ఒక నిమిషం తడిగా ఉండాలి. ఇనుప వస్తువులైతే తర్వాత మామూలు నీళ్లతో తుడవండి, లేకపోతే తుప్పు. ద్రావణం ఏ రోజుకారోజు కలపాలి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో మనిషి కూలిపోతాడు. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టొద్దు.

మనుషుల మీద మందు చల్లే గేట్లు, సొరంగాలు అసలు కట్టొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే వద్దంది. కళ్లు, చర్మం, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, లోపలున్న వైరస్ మాత్రం అలాగే ఉంటుంది.

చిట్టాపుస్తకం

గుమ్మం దగ్గర జ్వరం చూసే తుపాకీ సంగతి?

మందులపెట్టె

జ్వరమాత్ర వేసుకుని వస్తే పట్టదు, లక్షణాలు మొదలవకముందు పట్టదు, ఎండలో నడిచొచ్చినవాణ్ణి మాత్రం పట్టుకుంటుంది. దాని దగ్గర నిలబడే వాలంటీర్‌ని కిటికీలు తెరిచే పనికి పంపితే ఎక్కువ లాభం.

దానికన్నా ఆక్సీమీటర్లు (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేవి) కొనండి. 200 ఇళ్లకి పదీ పన్నెండు ఉంటే అందరికీ తిప్పవచ్చు. ఇచ్చేటప్పుడు వాడే పద్ధతి రాసిన చిన్న కాగితం దారంతో కట్టి ఇవ్వండి. గోరు రంగు తీసేయాలి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి. ఐదు నిమిషాలు కూర్చుని, చూపుడు వేలికో మధ్య వేలికో పెట్టి, అంకె కుదురుకునేదాకా ఆగాలి. పెట్టగానే కనిపించే మొదటి అంకె రాసుకోకూడదు. పక్కనే గుండె వేగం కూడా చూపిస్తుంది, రెండు అంకెలు తారుమారు చేసి ఫోన్‌లో చెప్పడం మామూలే. "98 ఏది, 72 ఏది?" అని వాలంటీర్ అడగాలి.

95, ఆపైన మామూలు. 93, 94 అయితే ఆ రోజే వైద్యుణ్ణి సంప్రదించాలి. 92, ఆ కింద అయితే ఆస్పత్రి. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి మామూలు అంకే తక్కువ ఉండవచ్చు, వాళ్ల వైద్యుడు చెప్పిన హద్దే హద్దు. ముదురు రంగు చర్మం మీద ఆక్సీమీటర్ ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉందని అధ్యయనాల్లో తేలింది. కాబట్టి ఒక్క అంకెను పట్టుకుని కూర్చోకుండా రోజురోజుకీ తగ్గుతోందా అన్నది చూడాలి. మాట మాటకీ ఊపిరి అందకపోయినా, పెదాలు నీలంగా మారినా, మనిషి తికమకపడుతున్నా అంకె 96 ఉన్నా సరే ఆస్పత్రికే.

చెట్టుకిందకమిటీ

ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు (గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే యంత్రాలు) కూడా నాలుగు కొని క్లబ్బులో పెట్టుకుంటే అని చాలామంది అడుగుతున్నారు. దాతలు కూడా దానికైతే ముందుకొస్తారు.

మందులపెట్టె

దాతలు ముందుకొచ్చేది ఫొటోలో బాగా పడే వస్తువుకి. నేను వద్దంటాను, మూడు విషయాలు ఉంటే తప్ప. వైద్యుడి చీటీ లేకుండా ఇవ్వమని కమిటీ గట్టిగా చెప్పగలగాలి. యంత్రం ఇచ్చే గాలిలో ఆక్సిజన్ శాతం కొలిచే అనలైజర్ ఉండాలి. కరెంటు పోతే ఏం చేయాలో తెలిసి ఉండాలి.

నిమిషానికి 5 లీటర్ల యంత్రం 300 నుంచి 400 వాట్లు లాగుతుంది. బాగున్న యంత్రం ఇచ్చేది 90 నుంచి 96 శాతం ఆక్సిజన్. ఏడాది అటక మీద పడుకున్న యంత్రం శబ్దం మామూలుగానే చేస్తుంది, గాలి మామూలుగానే వస్తుంది, శాతం మాత్రం పడిపోయి ఉండవచ్చు. అనలైజర్ లేకపోతే తెలిసే దారి లేదు. బయటి స్పాంజి ఫిల్టర్ వారానికోసారి కడిగి పూర్తిగా ఆరాకే పెట్టాలి. తేమ సీసాలో డిస్టిల్డ్ నీళ్లు, లేకపోతే కాచి చల్లార్చిన నీళ్లు, రోజూ మార్చాలి. గోడకి ఆనించి పెడితే వేడెక్కి ఆగిపోతుంది, చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి. దీపం, పొయ్యి, సిగరెట్ ఉన్న గదిలో పెట్టకూడదు.

కరెంటు పోయినప్పుడు సిలిండర్ ఆధారం. 10 లీటర్ల సిలిండర్‌ని 150 బార్ పీడనానికి నింపితే సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి 5 లీటర్ల చొప్పున 300 నిమిషాలు, ఐదు గంటలు. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు కాబట్టి నాలుగు గంటలని రాసుకోండి. ఈ లెక్క కాగితం మీద వేసి సిలిండర్‌కి అంటించండి, రాత్రి రెండు గంటలకు ఎవరూ భాగహారం చేయలేరు. వాల్వుకి నూనె, గ్రీజు, వ్యాజలిన్ తగలనీయకండి. అధిక పీడన ఆక్సిజన్‌కి నూనె తగిలితే మంట పుడుతుంది. సిలిండర్ని నిలబెట్టి గొలుసుతో కట్టాలి.

ఇక మందుల సరఫరా. ఇది క్లబ్బు బాగా చేయగల పని. ఇన్సులిన్ తెచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కదా అని ఐసు ముక్క పక్కనే పెడితే గడ్డకడుతుంది, ఒకసారి గడ్డకట్టింది కరిగినా పనికిరాదు. ఐస్ ప్యాక్‌ని గుడ్డలో చుట్టి, మధ్యలో అట్ట పెట్టి, ఆ తర్వాత సీసా. ఒకరి ఇంట్లో మిగిలిన మందు ఇంకొకరికి పంచడం ఎంత మంచి మనసుతో చేసినా ఒప్పుకోకండి.

నీళ్లబిందె

దీనికి ఒకటి కలుపుతాను. విరేచనాల జబ్బు అయితే మొదటి మందు ఓఆర్ఎస్. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లు, 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మిల్లీలీటర్ల చిన్న చెంచా, కుప్పగా కాదు, తలగొట్టి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం, సందేహం ఉంటే తక్కువే వేయండి. ప్యాకెట్‌ని గ్లాసుడు నీళ్లలో కలపడం తరచూ జరిగే తప్పు, దాని మీద రాసినన్ని నీళ్లు పోయాల్సిందే. 24 గంటలు దాటితే పారబోయాలి. ఈ జబ్బుల్లో శానిటైజర్ మీద ఆధారపడకండి, సబ్బూ నీళ్లే.

చిట్టాపుస్తకం

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. క్లబ్బులు వైరస్‌తో కన్నా లెక్కలతో ఎక్కువ విడిపోతాయి.

చెక్కు మీద ఇద్దరి సంతకాలు అని నిబంధన ఉంటే, ఆ ఇద్దరూ ఒకేసారి ఆస్పత్రిలో ఉంటే ఖాతా తాళం పడినట్టే. ఇప్పుడే నలుగురి సంతకాలు బ్యాంకులో నమోదు చేసి, ఎవరైనా ఇద్దరు అని మార్పించండి. మీటింగ్ ఫోన్‌లోనో వీడియోలోనో జరిపితే చెల్లుతుందని నియమావళిలో ఒక వాక్యం చేర్చండి, కోరం ఎంతో కూడా. అత్యవసర ఖర్చుకి ఒక హద్దు పెట్టి, ఆ లోపు ముగ్గురు ఒప్పుకుంటే చాలని తీర్మానం చేయండి. ఇవన్నీ మామూలు రోజుల్లో సర్వసభ్య సమావేశంలో పది నిమిషాల పని. జబ్బు వచ్చాక అయ్యే పని కాదు.

విరాళాలకు వేరే పద్దు. ఇచ్చిన వస్తువులకు కూడా రసీదు.

సరుకులు తెచ్చిపెట్టేటప్పుడు వాలంటీర్ ఎవరి ఏటీఎం కార్డూ, పిన్నూ తీసుకోకూడదు, ఎంత తెలిసినవాళ్లైనా. క్లబ్ డబ్బుతో కొని, బిల్లు ఫొటో పంపి, తర్వాత వసూలు. సంచీ గుమ్మంలో పెట్టి, గంట కొట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి, తలుపు తెరిచి తీసుకునేదాకా ఆగాలి. పెట్టేసి వెళ్లిపోతే, లోపల మనిషి లేవలేని స్థితిలో ఉన్నా మనకు తెలియదు. ఒంటరి పెద్దవాళ్ల దగ్గరికి మోసగాళ్లు కూడా ఇలాగే వస్తారు, అందుకని ప్రతి వారం మారే ఒక మాట పెట్టుకోండి. ముందు ఫోన్ చేసి ఆ మాట చెప్పిన మనిషికే తలుపు తీయాలి.

కార్డులు ఎవరి దగ్గర ఉంటాయి, ఎప్పుడు చించేస్తారు అన్నది కార్డు వెనకే రాయండి. ఎవరింట్లో జబ్బు వచ్చిందో గ్రూపులో పెట్టే వాలంటీర్‌ని ఆ రోజే తప్పించాలి. ఒక్కసారి పేరు బయటికొస్తే మిగతా ఇళ్లు జ్వరం దాచిపెడతాయి, ఫోన్ గొలుసు ఉత్తుత్తిదైపోతుంది.

కొత్తకార్యదర్శి

మాస్కులు ఎన్ని నిల్వ పెట్టాలి? అందరికీ పంచాలా?

గాలిలెక్క

పంచడానికి కాదు, ముందు బయట తిరిగేవాళ్లకి లెక్కేయండి. 20 మందిలో పెద్దవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఫోన్ పనికి. బయట తిరిగేది ఓ 8 మంది. మనిషికి ఐదు ఎన్95 మాస్కులు, ఐదు కాగితం సంచులు, సంచి మీద వారం పేరు. కరువు రోజుల్లో ఒక్కో మాస్క్ ఐదుసార్ల దాకా వాడవచ్చని సీడీసీ చెప్పింది. అంటే 40 మాస్కులతో 8 మందికి 25 పనిరోజులు. మూడు నెలలకు 150 పెట్టుకోండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమట ఆరదు. ఉతకడం, శానిటైజర్ చల్లడం చేస్తే ఫిల్టర్ పెట్టె గురించి చెప్పిన ఆ స్థిరవిద్యుత్తే పోతుంది, పైకి మాత్రం కొత్తదానిలా కనిపిస్తుంది.

పెట్టుకున్నాక రెండు చేతులూ మాస్క్ మీద కప్పి గట్టిగా ఊదండి. ముక్కు పక్కన గాలి తగిలితే తీగ మళ్లీ నొక్కాలి. గడ్డం ఉంటే అంచు అతకదు. వాల్వు ఉన్నది కొనొద్దు, అది పెట్టుకున్నవాణ్ణి కాపాడుతుంది, వాడు వదిలే గాలిని మాత్రం వడకట్టదు.

చెట్టుకిందకమిటీ

పుకార్ల సంగతి క్లుప్తంగా. రోజుకి ఒకే ప్రకటన, ఒకే వేళకి, ఒకే మనిషి పేరు మీద. ప్రకటనలో తేదీ, సమయం తప్పనిసరి, లేకపోతే పాత సందేశం నెల తర్వాత కూడా తిరుగుతుంది. తప్పుడు వార్తని ఖండించేటప్పుడు దాన్నే శీర్షికగా పెట్టొద్దు, చాలామంది చదివేది శీర్షికే. నిజం ముందు చెప్పి, "ఇలా కాదని తిరుగుతున్న మాట తప్పు" అని మధ్యలో ఒక్కసారి అని, నిజంతో ముగించండి. ఆరోగ్య శాఖ మాట మార్చితే "నిన్నటిదాకా ఇలా, ఈ రోజు నుంచి ఇలా, కారణం ఇది" అని రాయండి.

మందులపెట్టె

టీకా శిబిరానికి హాలు అడిగితే ఇవ్వండి, కానీ కుర్చీల లెక్క మీరే వేయండి. ఒక్క టీకా బల్ల దగ్గర గంటకు 20 మంది అంటే మూడు నిమిషాలకొకరు. టీకా తర్వాత 15 నిమిషాలు కూర్చోబెట్టాలి కాబట్టి ఎప్పుడూ 5 మంది ఉంటారు. పూర్వం అలర్జీ వచ్చినవాళ్లకి 30 నిమిషాలు, వాళ్లనీ తోడు వచ్చినవాళ్లనీ కలిపితే 10 కుర్చీలు. రెండు బల్లలైతే 20. ఈ కుర్చీలు నర్సు కంటికి కనిపించేచోట ఉండాలి, వరండా చివర కాదు. వచ్చే ద్వారం, వెళ్లే ద్వారం వేర్వేరు. సూది చూస్తే కళ్లు తిరిగి పడేవాళ్లు ఉంటారు, పడుకోబెట్టడానికి ఒక బల్ల, ఒక తెర. అందరికీ ఒకే సమయం ఇస్తే గేటు దగ్గరే గుంపు అవుతుంది, అరగంటకు పదిమంది చొప్పున చీటీలు ఇవ్వండి. సూదులు, వాడిన సీసాలు క్లబ్ చెత్తబుట్టలోకి వెళ్లకూడదు, ఆరోగ్య సిబ్బందే తీసుకెళ్లాలని ముందే మాట తీసుకోండి.

కొత్తకార్యదర్శి

చాలా వచ్చింది, కార్డు నమూనా ఈ వారమే కమిటీ ముందు పెడతాను. చివరిగా ఒకటి. నెలల తరబడి మూసిన హాలు మళ్లీ తెరిచేటప్పుడు ఊడ్చి కడిగితే చాలా?

నీళ్లబిందె

కుళాయిల్ని మర్చిపోకండి. పైపుల్లో నిలిచిపోయిన నీళ్లలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ నీటి తుంపరలు పీలిస్తే న్యుమోనియా వస్తుంది. మూసి ఉన్న రోజుల్లోనే వారానికోసారి ఒకరు వెళ్లి అన్ని కుళాయిలూ కాసేపు తిప్పి వదిలితే ఇంత బాధ ఉండదు. వదలకపోతే, తెరిచే ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ చేసి, తోమి, క్లోరిన్ వేసి, ట్యాంకుకి దగ్గరి కుళాయి నుంచి మొదలుపెట్టి చివరి కుళాయి దాకా ఒక్కొక్కటీ తిప్పండి. నీళ్లలో రంగు, వాసన పోయి, తాజా నీళ్లు వచ్చేదాకా. షవర్ తల విప్పి బకెట్‌లోకి వదలండి, తుంపర లేవకుండా. ఆ పని చేసే మనిషికి ఎన్95 ఇచ్చి, కిటికీలు తెరిచిపెట్టాలి. గీజర్ ఉంటే ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీలకు చేరేలా పెట్టండి, చేయి కాలకుండా కుళాయి దగ్గర కాగితం అంటించండి.

చిట్టాపుస్తకం

మెయిన్ స్విచ్ వేసే ముందు ఎలుకలు వైర్లు కొరికాయేమో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. మంటలార్పే సిలిండర్ గడువు తేదీ కూడా.